అడుగుతున్నది ఎవరు?

పోయిన వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాళ్లూ బెంగళూరులోనే ఉంటారు, కె.ఆర్.పురంలో. "మామయ్యా, కంప్యూటర్ పాస్‌వర్డ్ అడుగుతోంది. చెప్పవా?" అన్నాడు. ఆ ఇంటి కంప్యూటర్ సర్దిపెట్టింది నేనే. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

"ఎవరు అడుగుతున్నార్రా?"

"కంప్యూటరే మామయ్యా."

"కంప్యూటర్‌లో ఎవరు?"

కాసేపు మాట లేదు. "ఏమో. ఒక డబ్బా వచ్చింది. అందులో పాస్‌వర్డ్ కొట్టమని ఉంది."

ఏదో గేమ్ ఎక్కడినుంచో దించుకున్నాడు, దాన్ని నొక్కగానే ఆ డబ్బా వచ్చింది. నేను పాస్‌వర్డ్ చెప్పలేదు, ఆదివారం వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మౌనం నన్ను వదల్లేదు. వాడికి తెలియకపోవడం వాడి తప్పు కాదు. తెరమీద కనిపించే డబ్బా వెనక ఎవరున్నారో మామూలు మనిషికి ఎలా తెలియాలి అన్న ప్రశ్న మీద పెద్దపెద్ద బుర్రలు 60 ఏళ్లుగా పనిచేస్తున్నాయి.

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటర్‌ని ఒకే సమయంలో పలువురు వాడుకునే ఏర్పాటు చేసి చూపించింది. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. అప్పటిదాకా కంప్యూటర్ అంటే ఒకరి పని అయ్యాక ఇంకొకరి పని చేసే యంత్రం. ఇప్పుడు అందరి ఫైళ్లూ ఒకే చోట చేరాయి. ఎవరివి వాళ్లకే కనపడాలంటే కూర్చున్నది ఎవరో యంత్రానికి తెలియాలి. అందుకని తలా ఒక రహస్య పదం ఇచ్చారు. కంప్యూటర్లలో పాస్‌వర్డ్ అలా అడుగుపెట్టింది.

ఏడాది తిరగకుండానే అది దొంగిలించబడింది కూడా. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి 4 గంటల సమయమే ఇచ్చేవారు. అతని పనికి అది చాలేది కాదు. 1962లో ఒక పంచ్ కార్డు మీద ఫలానా ఫైలు అచ్చువెయ్యమని రాసి ప్రింటింగ్ వరసలో పెట్టాడు. ఆ ఫలానా ఫైలు అందరి పాస్‌వర్డ్‌లూ ఉన్న ఫైలే. ప్రింటర్ విశ్వాసంగా అచ్చువేసి ఇచ్చింది. ఈ సంగతి అతను పాతికేళ్ల తర్వాత గానీ ఒప్పుకోలేదు. 1966లో ఇంకో ప్రమాదం జరిగింది. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు వేర్వేరు ఫైళ్లు దిద్దుతున్నారు. ఎడిటర్ ఇద్దరి పనికీ ఒకే తాత్కాలిక ఫైలు పేరు వాడింది. రెండూ తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది.

ఈ రెండు సంఘటనల్లోనూ ఎవరూ తాళం పగలగొట్టలేదు. రహస్యాలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఒక కాగితం మీద రాసి గూట్లో పెట్టారు, ఆ కాగితం బయటపడింది, అంతే. అయితే ఆ కాగితమే లేకుండా చెయ్యొచ్చు కదా అన్న ఆలోచన ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో పుట్టింది. టైటన్ అనే కంప్యూటర్ మీద పనిచేస్తున్న రోజర్ నీడమ్, మైక్ గై 1960ల రెండో సగంలో ఒక ఉపాయం పట్టారు. బియ్యాన్ని విసిరితే పిండి వస్తుంది, పిండిని తిరగేసి విసిరితే బియ్యం రావు. పాస్‌వర్డ్‌ని అలా ఒక గణితపు విసుర్రాయిలో వేసి, వచ్చిన పిండిని మాత్రమే దాచుకోవాలి. మనిషి మళ్లీ వచ్చి పాస్‌వర్డ్ చెప్పినప్పుడు దాన్నీ విసిరి, రెండు పిండ్లూ ఒకటేనా కాదా అని చూడాలి. ఇప్పుడు మనం హ్యాష్ అంటున్నది దీన్నే. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే. నువ్వు సరైన మనిషివని యంత్రం గుర్తుపడుతుంది, అయినా నీ రహస్యం దానికి తెలియదు.

తర్వాతి మెట్టు బెల్ ల్యాబ్స్‌లో. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఈ విసుర్రాయిని కావాలనే నెమ్మది చేశారు. ఒక రహస్య లిపి పద్ధతిని 25 సార్లు తిప్పారు. ఒక్కసారి లాగిన్ అయ్యేవాడికి ఆ ఆలస్యం తెలియదు, లక్షల మాటలు వరసగా వేసి చూసే దొంగకి మాత్రం భారమవుతుంది. ఇంకొకటి, పిండిలో ఒక్కొక్కరికి ఒక్కోరకం చిటికెడు ఉప్పు కలిపారు. పేరు కూడా ఉప్పే పెట్టారు, సాల్ట్ అని. 4,096 రకాల ఉప్పు. ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా పిండి దాదాపు ఎప్పుడూ వేరుగా వస్తుంది, ఒకరిది కనిపెడితే ఇంకొకరిది తెలియదు. 1979లో అచ్చైన వాళ్ల వ్యాసంలో ఒక లెక్క ఉంది. వాళ్లు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 2,831 మరీ చిన్నవో, నిఘంటువులో దొరికేవో. అంటే నూటికి 86. విసుర్రాయి ఎంత గట్టిదైనా వేసిన గింజ పుచ్చుదైతే లాభం లేదని ఆ ఒక్క లెక్క చెప్పేసింది.

థాంప్సన్ మాత్రం మంచి గింజే వేసుకున్నాడు. ఆయన పాత పాస్‌వర్డ్ తాలూకు పిండి పాత యూనిక్స్ ఫైళ్లలో దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది. 2019లో గానీ ఎవరూ దాన్ని ఛేదించలేదు. అదీ నాలుగు రోజులకు పైగా గ్రాఫిక్స్ కార్డు తిప్పితే. 8 అక్షరాలు. తీరా చూస్తే చదరంగంలో మొదటి ఎత్తు అది, రాణి ముందున్న బంటుని రెండు గళ్లు జరపడం.

ఇంతవరకూ జరిగిందంతా పెట్టె లోపలి సంగతి. దాచిపెట్టిన రహస్యాన్ని కాపాడుకోవడం. కానీ పాస్‌వర్డ్ పూర్తిగా విప్పుకుని బయటికొచ్చే క్షణం ఒకటుంది. మనం దాన్ని కీబోర్డు మీద కొట్టే క్షణం. ఆ క్షణంలో హ్యాషూ లేదు, ఉప్పూ లేదు.

విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో ఇది తొందరగానే తెలిసివచ్చింది. ఒక విద్యార్థి తన పని అయ్యాక లాగౌట్ అవకుండా, అచ్చం లాగిన్ తెరలా కనిపించే చిన్న ప్రోగ్రామ్ నడిపించి వెళ్లిపోతాడు. తర్వాత వచ్చినవాళ్లు పేరు, పాస్‌వర్డ్ కొడతారు. ఆ ప్రోగ్రామ్ వాటిని రాసుకుని, "పాస్‌వర్డ్ తప్పు" అని చూపించి, పక్కకి తప్పుకుంటుంది. అప్పుడు అసలు లాగిన్ తెర వస్తుంది. మళ్లీ కొడితే లోపలికి వెళ్తారు. ఇందాక వేలు తప్పిందేమో అనుకుంటారు. వాళ్ల పాస్‌వర్డ్ పోయిందని వాళ్లకి ఎప్పటికీ తెలియదు.

యంత్రానికి మనిషిని ప్రశ్నించడం అందరూ నేర్పారు. మనిషి యంత్రాన్ని ప్రశ్నించే మార్గం మాత్రం మామూలుగా ఉండేది కాదు. 1983లో అమెరికా రక్షణశాఖ తరఫున నారింజ రంగు అట్టతో ఒక ప్రమాణాల పుస్తకం వచ్చింది. అందులో ఈ మార్గానికి ట్రస్టెడ్ పాత్ అని పేరు. మధ్యలో ఏ ప్రోగ్రామూ దూరలేని, మనిషికీ అసలు వ్యవస్థకీ మధ్య నేరుగా ఉండే దారి.

మామూలు కంప్యూటర్లలోకి ఆ దారి వచ్చిన తీరు చిత్రంగా ఉంటుంది. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్ తయారీలో డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు, యంత్రాన్ని మాటిమాటికీ ఆపి ఆన్ చెయ్యకుండా తిరిగి మొదలుపెట్టడానికి మూడు మీటల కలయిక రాశాడు. మొదట ఎంచుకున్న మూడూ ఎడంచేతికే అందేవి, పొరపాటున నొక్కుకుపోయే ప్రమాదం ఉందని మార్చి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ చేశాడు. రెండు చేతులూ పెడితేనే పని. పన్నెండేళ్ల తర్వాత, 1993లో, డేవ్ కట్లర్ బృందం విండోస్ ఎన్.టి. తెచ్చినప్పుడు ఆ మూడు మీటలకే కొత్త ఉద్యోగం ఇచ్చింది. లాగిన్ అవ్వాలంటే ముందు అవి నొక్కాలి. ఎందుకంటే ఆ కలయికని నేరుగా వ్యవస్థే అందుకుంటుంది, మామూలు ప్రోగ్రామ్‌కి దాన్ని పట్టుకునే వీలు లేదు. తెరమీద దొంగ లాగిన్ ఉన్నా సరే, ఆ మూడూ నొక్కగానే అసలు తెర దాని మీదికి వచ్చేస్తుంది. ఆఫీసుల్లో విసుక్కుంటూ నొక్కిన కోట్లమందికి ఎవరూ ఈ ముక్క చెప్పలేదు. "అడుగుతున్నది ఎవరు?" అని మనం యంత్రాన్ని నిలదీసే మాట అది.

దాంతోపాటు ఇంకో పాత పాఠం కూడా ఉంది. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు ఎం.ఐ.టి. పరిశోధకులు రాశారు: ఏ పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలి. యూనిక్స్‌లో సర్వాధికారి ఖాతా వేరు, రోజువారీ ఖాతా వేరు. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ 'సుడో' రాశారు. ఒక్క పనికి, ఒక్కసారికి అధికారం అరువు తీసుకునే పద్ధతి అది.

ఇవన్నీ లోకంలో ఎప్పుడో ఉన్నాయి. మా గదికి మాత్రం రాలేదు.

2003లో అనంతపురం నుంచి ఉద్యోగానికి బెంగళూరు వచ్చాను. మారతహళ్లిలో ముగ్గురం ఒక గదిలో. తలా కొంత వేసుకుని ఎస్.పి.రోడ్డుకి వెళ్లి కంప్యూటర్ కొన్నాం. సిటీ మార్కెట్ పక్కన ఆ ఇరుకు సందుల్లో అట్టపెట్టెలు మనిషెత్తు పేర్చి ఉంటాయి, మదర్‌బోర్డు ఒక దుకాణంలో, ర్యామ్ ఇంకో దుకాణంలో, బిగించేది మూడో చోట. బిగించిన అబ్బాయి కన్నడం, తెలుగు కలిపి మాట్లాడాడు. "పాస్‌వర్డ్ ఏమీ పెట్టలేదు సార్, మీకు ఇబ్బంది ఉండకూడదని" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఉన్నది ఒకటే ఖాతా, అది అడ్మినిస్ట్రేటర్ ఖాతా. ముగ్గురం దాన్లోనే పాటలు, సినిమాలు, రెజ్యూమెలు, బ్యాంకు, ఉత్తరాలు.

ఏడెనిమిది నెలలకి మా రూమ్మేట్ మెయిల్ నుంచి వాడు పంపని ఉత్తరాలు వెళ్లడం మొదలైంది. ఒక రాత్రంతా వెతికితే, వ్యవస్థ ఫోల్డర్ల లోపల ఎక్కడో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు దొరికింది. తెరిచాను. మేం నెలలతరబడి కొట్టిన ప్రతి మీటా అందులో వరసగా ఉంది. తప్పు కొట్టి చెరిపినచోట చెరిపినట్టు కూడా. కిందికి జరుపుకుంటూ పోతే మా అమ్మ పేరు, దాని వెనక పుట్టిన సంవత్సరం కనిపించాయి. అది నా పాస్‌వర్డ్. ఇన్నేళ్లయినా ఆ వరస నా కళ్ల ముందు నుంచి పోలేదు. దేశంలోనే మొదటి సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ 2001లోనే ఈ ఊళ్లో పెట్టారని అప్పుడు మాకు తెలియదు. తెలిసినా వెళ్లేవాళ్లం కామేమో, పోయింది డబ్బు కాదు కదా అనుకుని.

ఆ కాలంలో మా ఒక్క గదే అలా లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో మొదట సృష్టించే ఖాతాలన్నీ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలే. అంటే పాటలు వినే మనిషి చేతిలో ఇంటి తాళాలన్నీ ఉన్నట్టు. మనం పొరపాటున నడిపిన ప్రతి ప్రోగ్రామ్ చేతికీ అవే తాళాలు. పైగా పాత వాటితో పొసగడానికి పాస్‌వర్డ్‌ని ఒక పాతకాలపు విసుర్రాయిలోనూ వేసి దాచేది. అది అక్షరాలన్నీ పెద్దబడి చేసి, ఏడేసి చొప్పున రెండు ముక్కలు కోసి, ఉప్పు లేకుండా విసిరేది. 14 అక్షరాల పాస్‌వర్డ్ రెండు 7 అక్షరాల పాస్‌వర్డ్‌లుగా విరిగిపోయేది. మోరిస్, థాంప్సన్ 1979లో చెప్పిన పాఠం ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఇళ్లల్లోకి చేరలేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ లోకమంతా కంప్యూటర్లని నిమిషంలో ఆపేస్తుంటే అందరికీ మెలకువ వచ్చింది.

ఆ మెలకువ ఫలితం 2007లో విండోస్ విస్టాతో ఇళ్లకి చేరింది. అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నా రోజువారీ పనులు మామూలు అధికారంతోనే నడుస్తాయి, పెద్ద అధికారం కావాల్సినప్పుడు తెర మసకబారి ఒక డబ్బా వస్తుంది. జనం దాన్ని తిట్టుకున్నారు. నిజమే, మరీ తరచుగా అడిగేది. కానీ ఆ మసకని కాస్త దగ్గరగా చూడాలి. డబ్బా వచ్చే ముందు వ్యవస్థ మన తెరని ఒక ఫొటో తీస్తుంది. దాన్ని నల్లబరిచి, పూర్తిగా వేరే డెస్క్‌టాప్ మీద వెనక పరుస్తుంది, దాని ముందు డబ్బా పెడుతుంది. మనకి కనిపించే కిటికీలన్నీ ఉత్త బొమ్మ. మన మామూలు ప్రోగ్రామ్‌లేవీ ఆ రెండో డెస్క్‌టాప్‌లోకి రాలేవు, అక్కడ మీటలు వినలేవు, 'సరే' బటన్ నొక్కలేవు. మా గదిలోని ఆ టెక్స్ట్ ఫైలు రాసిన ప్రోగ్రామ్ లాంటిది మామూలు అధికారంతో నడుస్తుంటే అక్కడ చెవిటిదైపోతుంది.

అయినా ఒక చిల్లు మిగిలింది. అసలు డబ్బాని వినలేకపోయినా, నకిలీ డబ్బా గియ్యొచ్చు. తెర ఫొటో తియ్యడం, నల్లబరచడం ఏ ప్రోగ్రామైనా చెయ్యగలదు. లినక్స్‌లోనూ ఇదే బాధ. రోజువారీ ఖాతాలో దూరిన దొంగ ప్రోగ్రామ్, టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే చిన్న ఫైల్లో ఒక్క వరస చేర్చి, 'సుడో' అనే మాటకి తన సొంత అర్థం చెప్పగలదు. మనం అసలు సుడోకే పాస్‌వర్డ్ ఇస్తున్నాం అనుకుంటాం. పాత ఎక్స్11 తెర వ్యవస్థలోనైతే ఒక కిటికీలో కొట్టింది ఇంకో కిటికీ వినగలదు. పోలండ్‌కు చెందిన జోవన్నా రుట్కోవ్‌స్కా 2011లో ఈ సంగతిని మామూలు కమాండుతో చూపించింది. తర్వాతి ఏడాది తన క్యూబ్స్ వ్యవస్థ మొదటి విడుదలలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క వేరు యంత్రం ఉన్నట్టు గోడలు కట్టింది. ఇప్పటి లినక్స్‌లో వస్తున్న వేలండ్ ఆ కిటికీల మధ్య వినికిడిని చాలావరకు మూసింది. సుడో పేరు మార్చే మోసం మాత్రం ఇంకా ఉంది. అందుకే తెలిసినవాళ్లు రోజువారీ ఖాతాలో కూర్చుని అడ్మిన్ పాస్‌వర్డ్ అసలు కొట్టరు. లాగౌట్ అయి, అడ్మిన్ ఖాతాలోకి విడిగా వెళ్లి పని చేసుకుంటారు.

కంప్యూటర్ మెమరీ నుంచి పాస్‌వర్డ్ దొంగిలించే పద్ధతి ఇంకోటి ఉంది, క్లుప్తంగా చెప్తాను. ఫ్రాన్స్‌కి చెందిన బెంజమిన్ డెల్పీ 2011లో మిమీక్యాట్జ్ అనే పనిముట్టు విడుదల చేసి, లాగిన్ అయినవాళ్ల పాస్‌వర్డ్‌ని విండోస్ తన మెమరీలో తిరిగి చదవగలిగేలా ఉంచుతోందని నిరూపించాడు. 2013లో వచ్చిన విండోస్ 8.1 అలా ఉంచడాన్ని ముందస్తు అమరికగానే ఆపేసింది.

ఈ కథలో మన బెంగళూరు పేజీ ఒకటుంది, చాలామంది మర్చిపోయారు. 1990ల చివర్లో ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి.వినయ్, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లతో కలిసి సింప్యూటర్ అనే చేతికంప్యూటర్ తలపెట్టారు. ఇంటికొకటి కొనలేని ఊళ్లల్లో ఊరంతటికీ ఒకటి ఉండాలన్నది ఆలోచన. మరి అందరూ వాడే యంత్రంలో ఒకరి సంగతులు ఒకరికి తెలియకుండా ఎలా? వాళ్ల జవాబు స్మార్ట్ కార్డు. ఎవరి వివరాలు వాళ్ల కార్డులో, కార్డు వాళ్ల జేబులో. పని అయ్యాక కార్డు తీసుకుని వెళ్లిపోతారు. 2004లో బజారుకు వచ్చిన సింప్యూటర్ నిలబడలేదు. కానీ రహస్యాన్ని పదిమంది చేతులు పడే యంత్రంలో ఉంచకు, నీతో తీసుకెళ్లు అన్న ఆ ఆలోచన సరైనది. ఇవాళ యు.ఎస్.బి. తాళంచెవి, ఫోన్‌లోని పాస్‌కీ చేస్తున్నది అదే. ఆ పద్ధతిని ముందే ఊహించినవాళ్లలో మన ఊరివాళ్లు ఉన్నారని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇంకో వైపు నుంచి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ హైదరాబాద్ వాళ్లు ప్రయత్నించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలుపెట్టినప్పుడు వాళ్ల యాప్‌సంవిద్ ఉచితంగా ఇచ్చారు. అది పెట్టుకున్న కంప్యూటర్లో మనం ముందే ఒప్పుకున్న ప్రోగ్రామ్‌లు తప్ప ఇంకేవీ నడవవు. దొంగ నడవనేలేకపోతే నకిలీ డబ్బా గియ్యడం ఎక్కడ? 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన పద్ధతి కూడా ఈ దిశలోదే: అడ్మిన్ అధికారం ఎవరి చేతిలోనూ నిల్వ ఉండదు, అవసరమైన క్షణంలో కనపడని ఖాతా నుంచి పుట్టి పని అయ్యాక పోతుంది.

ఆదివారం కె.ఆర్.పురం వెళ్లాను. వాడు దించుకున్న గేమ్ ఫైలు ఇన్‌స్టాల్ కాలేదు కాబట్టి చెరిపేస్తే సరిపోయింది. ఇంట్లో ముగ్గురికీ మూడు మామూలు ఖాతాలు ముందే ఉన్నాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తగా, ఏ మాటకీ సంబంధం లేని అక్షరాలతో పెట్టి, కాగితం మీద రాసి, అక్క చీరల బీరువా లోపలి అరలో పెట్టాను. కాగితం మీద రాయొద్దంటారు గానీ, ఇంటర్నెట్‌లోంచి వచ్చే ఏ ప్రోగ్రామూ బీరువా తలుపు తియ్యలేదు. ఆఖరున విండోస్‌లో ఎవరూ పెద్దగా వాడని ఒక అమరిక మార్చాను. అడ్మిన్ పాస్‌వర్డ్ డబ్బా రావాలంటే ముందు కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కాలి. నొక్కకుండా ఆ పాస్‌వర్డ్ అడిగే డబ్బా ఏదైనా సరే నకిలీదే. మేనల్లుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మూడు మీటల సంగతి మొత్తం చెప్పాను, బ్రాడ్లీ దగ్గర్నుంచి. రెండుసార్లు వాడి చేత నొక్కించాను.

మూడు వారాలకి మళ్లీ ఫోన్.

"మామయ్యా, పాస్‌వర్డ్ అడుగుతోంది."

"ఎవరు?"

"ముందు మూడు మీటలూ నొక్కమంది. నొక్కాను. అప్పుడు వచ్చింది డబ్బా. ప్రింటర్ డ్రైవర్ అని ఉంది, నాన్న కొన్న ప్రింటర్‌దే, కంపెనీ పేరు కూడా చూశాను."

"సరే. అమ్మని బీరువా తాళం అడుగు."